బండను కూడా గీశాను

ఆ మడుగు పేరు ఇప్పటికీ రాయను. పినపాక దాటి బండిబాట ఉన్నంత దూరం పోయి, ఆ తర్వాత నడవాలి. అంతకుమించి చెప్పను. ఈ బుద్ధి అప్పుడే ఉండి ఉంటే ఇదంతా రాయాల్సిన పనే పడేది కాదు.

నేను డ్రాయింగు మాస్టరుని. మాది ముదిగొండ వైపు వ్యవసాయ కుటుంబం. డెబ్బైల చివర్లో ఉద్యోగం పేరుతో అడవి అంచుకు వచ్చి పడ్డాను. అప్పట్లో బస్టాండుల్లో, చెక్‌పోస్టుల దగ్గర 'వన్యప్రాణులను కాపాడండి' అని రేకు బోర్డులు పెట్టేవారు. వాటి మీద పులులను చూస్తే నాకు ఒళ్లు మండేది. క్యాలెండర్ చూసి వేసిన పులులు, మీసాలు దువ్వుకున్న పిల్లుల్లా ఉండేవి. "వీటిని కాపాడమంటే ఎవడు కాపాడతాడు? పాలు పోసి పడుకోబెడతాడు" అని స్టాఫ్ రూములో ఎగతాళి చేసేవాణ్ని. ఆ మాట తిరిగి తిరిగి రేంజరు చెవిన పడింది. కబురు పంపి, "అయితే మీరే వేయండి మాస్టారూ" అన్నాడు. నా నోటిదురుసు నన్ను అలా అడవిలోకి తోసింది.

వేస్తే కళ్లారా చూసే వేస్తానని పట్టుబట్టాను. తోడుగా ఒక వాచరును ఇచ్చారు. కోయగూడెం మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, రోజుకూలీ మీద అడవి కాసేవాడు. మాట తక్కువ. నేను ఎండుటాకుల మీద చప్పుడు చేసిన ప్రతిసారీ ఆగి, వెనక్కి తిరిగి ఒక చూపు చూసేవాడు. తిట్టకుండా తిట్టడం ఆయన దగ్గరే చూశాను.

ఆ మడుగుకు ఒక అడవిదున్న వచ్చేది. ముసలి పోతు, మందను వదిలి ఒంటరిగా తిరిగేది. ఎడమ కొమ్ము కొన విరిగి ఉండేది. నల్లటి ఒళ్లు, మోకాళ్ల కింద తెల్లటి కాళ్లు, నుదుటి మీద బూడిదరంగు వెంట్రుకలు, కళ్ల చుట్టూ ఈగలు. పదకొండు రోజులు పొద్దున్నే పోయి, పొద చాటున కూర్చుని పెన్సిలుతో గీసుకున్నాను. మొదటి రోజు భయంతో గీతలన్నీ వంకర పోయాయి. చివరికి వచ్చేసరికి దాని మీద ప్రేమ పుట్టింది. అది రావడం ఆలస్యమైతే నాకు మనసు మనసులో ఉండేది కాదు.

చివరి రోజు డ్రాయింగు పుస్తకం వాచరు చేతికిచ్చాను. దున్న ముఖాన్ని వేలితో తడిమి, ముసిముసిగా నవ్వాడు. ఆ వేలు మెల్లగా వెనకున్న పగుళ్ల బండ మీదికి, దాని మీదికి ఒరిగిన మద్దిచెట్టు మీదికి పోయి ఆగింది. నవ్వు పోయింది.

"మొకం గీసుకో సారూ. తావు గీయకు."

"ఎందుకు?"

"మా గూడెంల నీళ్లకొచ్చినదాన్ని కొట్టరు. దూప మీదున్నప్పుడు దానికి సోయి ఉండది. గందుకే అది ఏడ తాగుతదో బయటోళ్లకు చెప్పం. నిన్ను నమ్మి తోల్కొచ్చిన."

"సరే" అన్నాను.

అన్నాను గానీ, ఇంట్లో రేకు మీద గళ్లు గీసుకుని ఎనామిల్ రంగులు కలపడం మొదలెట్టాక మనసు ఊరుకోలేదు. వెనక ఏదో ఇంత పచ్చగడ్డి వేసేస్తే ఆ క్యాలెండర్ వాళ్లకూ నాకూ తేడా ఏముంది? బండను పగుళ్లతో సహా వేశాను. మొసలి చర్మంలా ఉండే ఆ మద్ది బెరడుకే రెండు రోజులు పట్టింది. నీళ్లలో దాని నీడ కూడా వదల్లేదు.

బోర్డు బస్టాండులో పెట్టారు. జనం ఆగి ఆగి చూశారు. "గీ దున్న మొకంల గింత కళ ఉన్నదా! దీన్ని ఎట్ల కొట్ట బుద్ధయితదో" అని ఒక ముసలమ్మ అనడం నా చెవులతో విన్నాను. బోర్డు పెట్టించింది ఆ ఒక్క మాట కోసమే కదా. నేను అక్కడితో ఇంటికి పోయి ఉండాల్సింది. రోజూ సాయంత్రం టీ వంకతో అక్కడే తచ్చాడేవాణ్ని, ఇంకెవరైనా మెచ్చుకుంటారేమోనని.

ఒకరోజు వెదురు లారీ దిగిన మనిషి బోర్డు ముందు నిలబడ్డాడు. దున్నను చూడలేదు. దాని వెనక చూశాడు.

"సార్, గీ బొమ్మ మీరే ఏసిన్రంట గదా? గీ పగిలిన బండ, గీ ఒరిగిన చెట్టు... వెదురు కొట్టనీకి పోయినప్పుడు చూసిన. గా మడుగే గదా?" అని మడుగు పేరు చెప్పి మరీ అడిగాడు.

ఆ క్షణాన నాకు వాచరు గుర్తుకే రాలేదు. బండను చూసి పోల్చుకున్నాడంటే నేను ఎంత బాగా వేశానో అనిపించింది, అంతే. "అవ్, అదే" అన్నాను. పైగా టీ కూడా ఇప్పించాను.

నెల తిరక్కముందే ఆ దున్న మడుగు ఒడ్డున తల లేకుండా దొరికింది. కొట్టింది ఆ లారీ మనిషేనో, అతని నోట విన్న ఇంకెవరో, ఈనాటికీ తెలియదు. కొట్టినవాళ్లు ఎక్కడా వెతుక్కోకుండా నేరుగా మడుగుకే వచ్చారు కాబట్టి, తావు చెప్పింది వాచరేనని అందరూ అనుకున్నారు. ఆయన్ని పనిలోంచి తీసేశారు.

నిజం చెప్పేద్దామనే రేంజరు ఆఫీసుకు పోయాను. "రండి మాస్టారూ! మీ బోర్డు చూసి పై ఆఫీసరు తెగ మెచ్చుకున్నారు. ఇంకో నాలుగు వేయాలి" అని కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. నోరు పెగల్లేదు అంటారు కదా, నాకు అలా కూడా కాలేదు. ఆ నాలుగు బోర్డుల మీద ఏయే జంతువులు వేయాలో గంటసేపు మాట్లాడి వచ్చాను.

ఆ నాలుగింటిలోనూ జంతువు వెనక ఏమీ వేయలేదు. ఒట్టి లేతరంగు పూసి వదిలేశాను. 'మాస్టారి కొత్త శైలి' అన్నారు. నేను కాదనలేదు.

తొంభైలలో దున్న బోర్డు తుప్పు పట్టింది. మళ్లీ రంగు వేయమని నన్నే పిలిచారు. స్టూలెక్కి బండ మీద పచ్చగడ్డి వేస్తుంటే కింద ఎవరో వచ్చి నిలబడ్డారు. వాచరు. జుట్టంతా నెరిసింది, భుజాన సంచి. నేను బ్రష్షుతోనే కిందికి దిగాను.

"అన్నా, ఆ తావు బయటపెట్టింది నేనే. నింద నీ మీద పడితే నోరు మూసుకున్నా."

"నాకెరుకే. బోర్డు పెట్టిన నాడే చూసిన."

"మరి రేంజరుకు చెప్పలేదేం?"

"నిన్ను తోల్కపోయింది నేనే గద సారూ."

నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను చూడలేదు, బోర్డును చూస్తున్నాడు. దున్న అలాగే ఉంది. బండ సగం గడ్డి కిందికి పోయింది.

"బండ ఎందుకు చెరుపుతున్నవ్?"

"నువ్వే గదా తావు గీయొద్దన్నావు."

బస్సు వచ్చి ఆగింది. ఆయన సంచి సర్దుకుని మెట్టెక్కబోతూ తిరిగాడు.

"ఇప్పుడు ఉండనీ సారూ. ఆడ ఇప్పుడు నీళ్లకొచ్చేటియే లేవు."