మా ఇంట్లో తినని పండు

చలికాలం రాగానే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర స్ట్రాబెర్రీలు దిగుతాయి. ఉదయపు మంచులో, కారు అద్దం అవతల ఆ ఎరుపు తేలుతూ వస్తే ఇప్పటికీ నాకు నోరూరుతుంది. అయినా కొనను. అది మా ఆయన ఇంటిపేరు.

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. మా అమ్మ జన్మలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేదు. నేను రోజూ పిలుస్తాను. ఆవిడ కోసం ఇంటిపేరుకైనా ఆ మర్యాద దక్కనివ్వండి. ఆయన పుట్టిన స్కాట్లాండులో అది పాత ఇంటిపేరే. అంతకు ముందెప్పుడో ఫ్రాన్సు నుంచి సముద్రం దాటి వచ్చిందంటారు.

మా ఆయన ఫిల్మ్ నగర్‌లో గ్రాఫిక్స్ పని చేస్తాడు. హీరో పచ్చగుడ్డ ముందు నిలబడితే వెనకాల కొండలూ కోటలూ ఈయన కడతాడు. నేను అదే ఆఫీసులో ఎడిటింగ్ చేసేదాన్ని. పెళ్ళి చేసుకుంటామని వెంగళరావు నగర్‌లో మా ఇంట్లో చెప్పినప్పుడు నాన్న, "మీ అమ్మ ఎలా అంటే అలా" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ రంగు గురించి అడగలేదు, మతం గురించీ అడగలేదు.

"ఇంటిపేరుకి ఓ ఊరుందా? పోనీ అర్థమైనా ఉందా? మొదలూ చివరా తెలియని ఇంటికి పిల్లనెలా ఇస్తామే?" అంది.

ఆవిడ ఒప్పుకోకుండా రిజిస్టరాఫీసుకు పోయి దండలు మార్చుకోవచ్చు. నా వల్ల కాదు. కన్యాదానంలో పెళ్ళికొడుకు కాళ్ళ మీద అమ్మ నీళ్ళు పొయ్యకపోతే నాకు అది పెళ్ళే కాదు.

ఒక ఆదివారం అతన్ని ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ ఎదురుగా కూర్చుని, కాఫీ ఇచ్చి, "మీ ఇంటిపేరుకి అర్థమేంటి బాబూ?" అంది.

"స్ట్రాబెర్రీ అండీ" అన్నాడు, యూనిట్ వాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగులో. ఎప్పుడో ఒక ఫ్రెంచి రాజుకి వాళ్ళ పూర్వీకుడు గిన్నెడు పళ్ళు పెట్టాడట. రాజు మురిసిపోయి ఆ పండు పేరే ఇంటిపేరుగా ఇచ్చాడట. వాళ్ళ వంశం గుర్తులో ఉండే తెల్లపూలు కూడా ఫోనులో చూపించాడు.

అమ్మ ముఖం విప్పారింది. "అయితే మీరు ఆ పండు ముట్టరన్నమాట!"

అక్కడే అమ్మ పప్పులో కాలేసింది. ఆవిడ పుట్టింటివారి ఇంటిపేరులో వంకాయ ఉంది. ఆ ఇంట్లో తరతరాలుగా వంకాయ వండరు, ఇంటిపేరును కోసుకు తింటామా అంటారు. పెళ్ళయి ఇంటిపేరు మారినా అమ్మ నోరు మారలేదు. గుత్తివంకాయ కోసం నాన్న పక్కింటివాళ్ళ శుభకార్యాల మీద ఆధారపడ్డాడు. లోకమంతా ఇలాగే ఉంటుందని అమ్మ నమ్మకం.

అతను నా వైపు చూశాడు. వాళ్ళ అమ్మమ్మ పెరట్లో స్ట్రాబెర్రీలు కోస్తే వేళ్ళు ఎర్రబడేవని నాకెన్నిసార్లు చెప్పాడో. "ముట్టనండీ" అన్నాడు. ఆ తర్వాత నిజంగానే ముట్టలేదు. పెళ్ళిలో అమ్మ నీళ్ళు పోసింది, నాన్న కాళ్ళు కడిగాడు. అప్పగింతల్లో అమ్మ నా చెవిలో, "ఇక నువ్వూ మానెయ్యి" అని చెప్పి మరీ ఏడ్చింది.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే ఏదో కోట కడుతున్నాడు. కిటికీ అవతల ఎండలో ఫిల్మ్ నగర్ బండరాళ్ళు కునుకు తీస్తున్నట్టున్నాయి. ఊసుపోక ఫోనులో ఆ ఇంటిపేరు గురించి చదివాను. పండు కథ తర్వాతెప్పుడో అల్లిందే కావచ్చట. ఫ్రాన్సులో అంజూ అనే సీమలోని ఒక ఊరి నుంచి ఆ పేరు వచ్చి ఉండొచ్చట. ఆ ఊరేదో గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరట. కళ్ళు మూసుకుంటే ఆ ఊరు నాకు కనిపించింది. తడిసిన గడ్డి, పొగమంచు, ఎవరో ఇంటి తలుపు దగ్గరికి లాగి గుర్రమెక్కుతున్నారు. ఎటు పోతున్నారో అడుగుదామంటే ఏ పేరుతో పిలవాలో తెలియలేదు.

"నీకిది తెలుసా?" అన్నాను కళ్ళు తెరిచి.

"చిన్నప్పటి నుంచీ తెలుసు."

ఒళ్ళు మండింది. "మరి ఇన్నేళ్ళూ నా నోరెందుకు కట్టేశావయ్యా?"

"ఊరి కథ చెబితే మీ అమ్మగారు ఊరు చూపించమంటారు. నా దగ్గర ఊరు లేదుగా" అన్నాడు, తెర మీద కొండకి నీడ దిద్దుతూ.

కోపం పోయి భయం పట్టుకుంది. అమ్మ నీళ్ళు పోసింది ఆ పండును నమ్మే. పండు కాదంటే అల్లుడు మోసం చేశాడనుకుంటుందా? దాచడం మాత్రం నాకు చేతకాదు. మర్నాడు మమ్మల్ని చూడటానికి వచ్చిన అమ్మను తిరిగి వాళ్ళింట్లో దింపడానికి కార్లో తీసుకెళుతూ, చెక్‌పోస్టు దగ్గర ఎర్రలైటు పడగానే చెప్పేశాను. "ఆ ఇంటిపేరుకీ స్ట్రాబెర్రీకీ సంబంధం లేదేమోనట. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదట. ఆయనకి ముందే తెలుసట."

"తెలిసీ మానేశాడా!" అంది అమ్మ. ఆ గొంతులో కోపం వెతికాను. దొరకలేదు.

ఇంతలో ఒకతను అద్దం మీద కొట్టాడు, చేతిలో పెట్టె. అమ్మ అద్దం దించింది. "జర సూడుండ్రి అమ్మా, చక్కెర లెక్కున్నయ్. ఒక్కటి తిని సూడుండ్రి" అని ఒక పండు తీసి ఇవ్వబోయాడు.

అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దు నాయనా. అది మా ఇంటిపేరు."