వెన్న రాని బస్సు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక భీమవరం నుంచి నన్ను మంథని బడికి బదిలీ చేశారు. కరీంనగర్‌లో ఎక్కిన బస్సు కొత్తది. మెత్తటి సీట్లు, పెద్ద అద్దాలు, ఒక్క కుదుపు లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్క సీట్లో, మూతికి గుడ్డ కట్టిన కుండను ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ మాత్రం పెద్దపల్లి దాటాక గుడ్డ విప్పి చూసి గొల్లుమంది.

"గిదేం బస్సు! పాత బస్సుల కుండ పట్టుకొని కూసుంటే మంథనిల దిగేటాళ్లకు వెన్న తేలేది. గిండ్ల పెరుగు పెరుగు లెక్కనే ఉన్నది!"

"కుదుపు లేకపోతే సుఖమే కదా అవ్వా," అన్నాను.

"సుఖం నీకు సారూ! ఇయ్యాల నా మనవరాలి పురుడు. వెన్న తెస్తనని వియ్యపురాలికి మాటిచ్చిన. ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

బస్సంతా ఆమె పక్షం చేరింది. "జర రోడ్డు దింపు, డ్రైవరన్నా!" అని తలా ఒక కేక. డ్రైవరు పళ్లు నూరుకుంటూ ఎడమ చక్రాలను రోడ్డు కిందికి దింపాడు. ముసలమ్మ కుండను నా చేతుల్లో పెట్టింది.

"ఎనక సీటుకు పో సారూ. ఆడ మస్తు ఎగురుతది."

వెళ్లాను. మంథని దాకా నా తల పైకప్పుకు తగులుతూనే ఉంది.

దిగాక ఆమె గుడ్డ విప్పింది. వెన్న తేలింది. నా అరచేతిలో ఇంత ముద్ద పెట్టి, బస్సు వైపు జాలిగా చూసింది.

"బస్సు మంచిదే సారూ. ఇంకా పని నేర్సుకోలే, గంతే."