గుడారాల గేటుకి ఎదురుగా మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను పాడేరు బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. పొద్దున్న పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయిందట. అమ్మ ఏడుస్తూనే, "ఆడికి తెలిసిపోయినాదే. లోపల్లోపల నవ్వుకుంటన్నాడు," అంది.

ఆ "ఆడు" ఎవరో మా ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీకు చెప్పాలి.

అరకు దాటాక మా ఊరిని ఆనుకుని గుడారాల క్యాంపు ఒకటి ఉంది. చలికాలం మంచు చూడడానికి వచ్చేవాళ్ళు అక్కడ దిగుతారు. దాని ఓనరు కింద మైదానం నుంచి వచ్చినవాడు. గుడారాలకి కరెంటు లైను లేదు. ఒక్కోదానికి ఒక్కో సోలార్ పెట్టె ఉండేది: చేత్తో పట్టుకెళ్ళే బ్యాటరీ, దానికి మడతపెట్టే ప్లేటు. వాటన్నిటినీ చూసుకునే పని పెద్దమ్మది.

ఆవిడ చదువు ఐదో తరగతి. ఆడవాళ్ళకి సోలార్ దీపాల మరమ్మతు నేర్పుతారని తెలిసి, కాఫీ పళ్ళ కోత మధ్యలో వదిలేసి వెళ్ళి నేర్చుకొచ్చింది. అప్పుడు నేను చిన్నదాన్ని. మీటరు మీద అంకెలు నాచేత చదివించేది. దశాంశాలు నాకు బళ్ళో రాలేదు, ఆవిడ పక్కన కూర్చుంటే వచ్చాయి. ప్లేట్లని తడిగుడ్డతో, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేది. ఎండతోపాటు వాటిని జరుపుతూ రోజంతా తిరిగేది. సాయంత్రం ప్రతి పెట్టెనీ అరచేత్తో నిమిరి చూసేది. "ఉబ్బినాదంటే అది మనకేటో సెప్తన్నట్టే. ఇనాల," అనేది.

ఒక చలికాలం రెండు పెట్టెలు ఉబ్బాయి. వాటిని పక్కన పెట్టి ఓనరుకి చెప్పింది. "సీజన్ అయిపోనీ, మారుస్తా," అని అతను మళ్ళీ గుడారాల్లో పెట్టించాడు. వారం తిరక్కుండా మిట్టమధ్యాహ్నం అందులో ఒకటి పొగలు కక్కింది. పెద్దమ్మ లోపలికి దూరి దాన్ని చేత్తోనే బయటికి లాగింది. గుడారం తగలబడిపోయింది. ఆవిడ కుడి అరచెయ్యి కాలిపోయింది.

టూరిస్టులు, మా ఊరివాళ్ళు మూగారు. అందరి ముందూ ఓనరు అన్నాడు: "వైరు తప్పుగా పెట్టి తగలబెట్టింది. కొండదాన్ని పనిలో పెట్టుకోవడం నా బుద్ధితక్కువ."

చెయ్యి కాలినందుకు పెద్దమ్మ ఏడవలేదు. ఆ మాటకి ఏడ్చింది. క్యాంపులో పని ఆ రోజుతోనే పోయింది. పుండు మానాక చర్మం ముడుచుకుపోయి వేళ్ళు మరి తిన్నగా రాలేదు. అంతకంటే పెద్ద దెబ్బ, మా ఊరివాళ్ళే తమ దీపాలు ఆవిడ చేతికి ఇవ్వడానికి జంకడం.

మరుసటి ఏడు తుఫానొచ్చింది. స్తంభాలు కూలాయి, ఘాట్ రోడ్డు మీద చెట్లు పడ్డాయి. మూడు రోజులు కరెంటు లేదు. నాలుగో రోజు ఎండ కాసింది. పెద్దమ్మ శిక్షణలో ఇచ్చిన పాత పెట్టె తీసి వాకిట్లో ప్లేట్లు పరిచింది. ఊరంతా ఫోన్లు, టార్చిలైట్లు పట్టుకుని వరస కట్టారు. సెలవులకి వచ్చిన నేను వరస చూసుకుంటున్నాను.

అప్పుడొచ్చాడు ఓనరు. వెనకాల ఒకాయన వాళ్ళమ్మని వీపున మోసుకొస్తున్నాడు. గుడారంలో చిక్కుకుపోయినవాళ్ళు. ఆ ముసలామెకి ఆయాసం, పెదాలు నీలంగా ఉన్నాయి. వాళ్ళ దగ్గర మందు ఆవిరి పట్టే మిషను ఉంది గాని, చూసే దిక్కులేక క్యాంపు పెట్టెలన్నీ చచ్చి పడున్నాయి.

తిప్పి పంపెయ్యాలని నాకనిపించింది. పెద్దమ్మ ఫోన్లన్నీ పీకేసి మిషను తగిలించింది. "నెమ్మదిగా పీల్సుకో అమ్మా. భయం నేదు."

ముసలామె ఊపిరి కుదుటపడ్డాక ఓనరు తన ఫోన్ చాపాడు. "కాస్త చార్జింగ్ పెట్టు. ఇంటికి చెప్పాలి."

"పెడతాను. ఆ పెట్టి ఎందుకు కాలిందో ముందు సెప్పు."

"ఇప్పుడెందుకా గొడవ?"

"అప్పుడు ఈళ్ళందరి ముందే కదా అన్నావు. ఇప్పుడూ ఈళ్ళ ముందే సెప్పు."

అతను నేల చూశాడు. "బ్యాటరీ పాడైంది."

"గట్టిగా. ఎనకాలోళ్ళకి ఇనపడనేదు. పాడైందని నీకెవులు సెప్పినారు?"

"నువ్వే చెప్పావు."

"నువ్వేటి సేసినావు?"

"మళ్ళీ పెట్టించాను. తప్పు నాదే."

పెద్దమ్మ ఆ వంకరవేళ్ళతోనే అతని ఫోన్ తగిలించింది. ఆ రోజంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు. దానికి సిగ్గుపడను.

రోడ్డు తెరుచుకోగానే అతను సంతలో, "చార్జింగ్ ఇవ్వనని బెదిరించి చెప్పించింది," అన్నాడు. ఆ మాట చెవిన పడ్డ మర్నాడే పెద్దమ్మ క్యాంపు గేటుకి ఎదురుగా టార్పాలిన్ కట్టి, బల్ల వేసి మరమ్మతు దుకాణం పెట్టింది. కారు ఆగితే చాలు, లేచెళ్ళి, "బాబూ, గుడారంలో బేటరీ పెట్టి ఉబ్బిందేటో సూసుకోండి. ఉబ్బితే బయట పెట్టించండి," అని కాలిన అరచెయ్యి చూపించేది. చాలా కార్లు అట్నుంచటే వెనక్కి తిరిగేవి. చివరికి అతను పెట్టెలన్నీ మార్చక తప్పలేదు.

"మార్చేశాడు కదా పెద్దమ్మా, ఇంక వదిలెయ్," అన్నాను.

"పెట్టిలు మార్సినాడు. నా మీదేసిన నింద ఎనక్కి తీసుకున్నాడేటి?"

నాలుగు చలికాలాలు అక్కడే కూర్చుంది. ఆవిడ వల్ల ఎన్ని గుడారాలు కాలకుండా మిగిలాయో అందులో నిద్రపోయినవాళ్ళకి తెలియదు. ఆవిడ పగ అలాంటిది. నాకూ అదే ఇచ్చి వెళ్ళింది.

పూడ్చే రోజు అతనొచ్చాడు, చేతిలో పెద్ద బంతిపూల దండతో. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. నా పక్కకి అమ్మ వచ్చింది, తర్వాత ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు.

"ఒక్కసారి చూసి పోతానమ్మా. ఆమెకి క్షమాపణ..."

"వినడానికి ఆవిడ లేదు. వెళ్ళండి."

అతను దండని కంచె మీద వేసి కొండ దిగిపోయాడు. మేం మట్టి వేసి తిరిగొచ్చేసరికి ఒక మేక ముందుకాళ్ళు కంచెకి ఆనించి, ఆ బంతిపూలని తీరిగ్గా, ఒక్కొక్కటే తెంపుకుని తింటోంది. ఎవరూ దాన్ని అదిలించలేదు.