తువ్వాలు కింద జవాబు

కాగితం మీద ప్రశ్న కనబడితే ఇప్పటికీ నాకు ముందు పుట్టేది అనుమానమే. అడిగేవాడికి ఏం కావాలి? నా జవాబు చివరికి ఎవరి చేతిలో పడుతుంది? ఈ బుద్ధి నాకు నూజివీడు మామిడి మండీలో అబ్బింది.

మాది మామిడి వ్యాపారం. ఎనభైల్లో, నాకు ఇరవై ఏళ్ళప్పుడు, ఆటిజం అన్న మాట మా ఊళ్ళో ఎవరూ విని ఉండరు. నేను విన్నదే తల నెరిశాక. అప్పట్లో నన్ను మొండివాడనేవారు, కాస్త దయగలవాళ్ళు అమాయకుడనేవారు. దుకాణం వెనక చీకటి గదిలో వరిగడ్డి మీద చిన్నరసాలు పరిచి మాగేయడం నా పని. అక్కడ నాకు సుఖంగా ఉండేది. ఆ వేసవి "నలుగురిలో పడితే బాగుపడతాడు" అని చుట్టాలు చెబితే, నాన్న నన్ను ఆ గదిలోంచి తెచ్చి దుకాణం ముందు మండీలో కూర్చోబెట్టారు. లారీల హారన్లు, హమాలీల కేకలు, చాట్రాయి నుంచి కాయ తెచ్చిన రైతుల గోల. నెల తిరక్కుండానే తిండి మానేశాను, మాట మానేశాను. అసలు బతకడం ఎందుకనిపించేది. అది దుఃఖమని నాకు తెలియదు. ఏడుపు రాలేదు కదా!

అమ్మ పోరు పడలేక నాన్న నన్ను బెజవాడ తీసుకెళ్ళారు. ఊళ్ళోవాళ్ళు పిచ్చి డాక్టరనే ఆయన నాకు అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చి, "ఎవర్నీ అడక్కుండా నువ్వే టిక్కులు పెట్టాలయ్యా" అన్నారు.

చదివినకొద్దీ అనుమానం ముదిరింది. 'తరచుగా', 'అప్పుడప్పుడు' అని ఉంది. ఎన్నిసార్లయితే తరచు? 'ఇష్టమైన పనిలో ఆనందం తగ్గిందా?' నాకు ఇష్టమైన పని మాన్పించేశారు, చేయని పనిలో ఆనందం ఎలా తగ్గుతుంది? లేదు. 'ఎక్కువగా ఏడుస్తున్నారా?' లేదు. పైగా పైన అడిగిందే కాస్త మార్చి కింద మళ్ళీ అడిగారు. కొనేవాడు ఒకే మాట తిప్పి తిప్పి అడుగుతున్నాడంటే సరుకులో లొసుగు వెతుకుతున్నాడని అర్థం. మండీలో కూర్చోబెట్టిన రోజునే నాన్న చెప్పారు, "బయటివాడు ఏం అడిగినా బాగుందనే చెప్పాలిరా. లోపం మన నోటితో చెప్పకూడదు" అని. నాకొక సూత్రం చెబితే అది అన్నిచోట్లా సూత్రమే. 'చనిపోవాలనిపిస్తోందా?' అన్నచోట కూడా లేదనే టిక్కు పెట్టి కాగితం ఇచ్చేశాను.

డాక్టరు లెక్క కూడి, "మీవాడికేం లేదండీ. కాస్త మొండితనం, అంతే" అన్నారు.

నాన్న ముఖం తేటపడలేదు. బస్టాండుకొచ్చాం. అన్నీ మేలిమి కాయలే అని చెప్పిన గంపని అడుగుదాకా చూడకుండా ఆయన ఏనాడూ కొనలేదు. బెంచీ మీద నా పక్కన కూర్చుని, భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పారు.

మా మండీలో అసలు బేరం అలాగే జరిగేది. నోటితో ఎన్ని గొప్పలైనా చెప్పుకోవచ్చు, అవి చుట్టూ నిలబడ్డవాళ్ళ కోసం. నిజమైన ధర మాత్రం తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని చెప్పుకోవాలి. అక్కడ అబద్ధమాడినవాడితో మళ్ళీ ఎవరూ బేరం చేయరు. ఇది కూడా నాకు సూత్రమే.

నాన్న తువ్వాలు కింద తన చెయ్యి చాపారు. "ఒరేయ్, ఇక్కడ బయటివాళ్ళెవరూ లేరు. ఐదు వేళ్ళూ పట్టుకుంటే నిండా ఉన్నట్టు. బతకాలని నీకెంతుందిరా?"

నేను చిటికెన వేలొక్కటే పట్టుకున్నాను. అది కూడా గట్టిగా కాదు.

నాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకాస్త పెంచమని బేరమాడలేదు. నూజివీడు బస్సు వచ్చింది, ఎక్కేవాళ్ళు ఎక్కారు, వెళ్ళిపోయింది. ఆయన లేచి, తువ్వాలుతో సహా నా చెయ్యి పట్టుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి నడిపించారు. ఆ నడకలో నాకు మొదటిసారి ఏడుపొచ్చింది.

డాక్టరు ఇంకో కాగితం తీయబోతే నాన్న అడ్డుపడ్డారు.

"కాగితం వద్దండీ. బయటివాళ్ళతో అంతా బాగుందనే చెప్పమని నేనే నేర్పానండీ. మావాడు బాగాలేడు."

బయటివాడి ముందు నాన్న అలాంటి మాట అనడం నేను విన్నది ఆ ఒక్కసారే.