కోటు వేసుకుని వద్దన్న మనిషి

నా చిన్నప్పుడు మా అమ్మ విందుకి వెళ్లి ఆకలితో తిరిగొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అప్పుడు మేం ఆస్ట్రేలియాలో, టూవూంబాలో ఉండేవాళ్లం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. పుట్టి పెరిగింది బందరు దగ్గర పల్లెలో. అక్కడ ఆదివారం చర్చి అయ్యాక పాస్టరమ్మగారు భోజనానికి పిలిస్తే వద్దండీ అనాలి. మళ్లీ పిలిస్తే ఇప్పుడెందుకండీ అనాలి. ఆవిడ చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడు కూర్చోవాలి. మొదటి పిలుపుకే విస్తరి ముందు చేరితే ఇంటికెళ్లాక మా అమ్మమ్మ వీపు చిట్లగొట్టేదట. ఆ పెంపకంతో అమ్మ టూవూంబాలో ఎవరింటికి బార్బెక్యూ విందుకి వెళ్లినా, పళ్లెం చూపించగానే "నో థాంక్స్" అనేది. వాళ్లు సరేనని పళ్లెం పక్కవాళ్ల ముందుకి జరిపేసేవాళ్లు. అమ్మ ఇంటికొచ్చి, నాన్న నవ్వుతుంటే ఉడుక్కుంటూ, ఆవకాయ అన్నం కలుపుకునేది.

ఆ జబ్బు కుదిర్చింది మా పక్కింటి ఆంటీ. ఆవిడది ఐర్లండ్. పడుచు వయసులోనే నర్సు పనికని వచ్చి, ఇక్కడే పెళ్లి చేసుకుని, ఇక్కడే ముసలైపోయింది. మేం వెళ్లేసరికి భర్త కూడా లేడు. అమ్మ డ్యూటీలో ఉన్నప్పుడు నేను పెరిగింది ఆవిడ వంటింట్లోనే. "ఇక్కడ నో అంటే నో. మొదటిసారే యెస్ అనెయ్. నేనూ వచ్చిన కొత్తలో నీలాగే మాడాను" అని అమ్మకి పాఠం చెప్పింది. ఆ చివరి మాట మేమెవరం పట్టించుకోలేదు.

ఆంటీకి ఒక చెల్లెలు ఉండేది. ఐర్లండ్‌లో సముద్రపు ఒడ్డున చిన్న రేవు ఊరు వాళ్లది. తల్లి మంచాన పడితే ఆ చెల్లెలే ఒంటరిగా చూసుకుంది. తల్లి పోయినప్పుడు ఆంటీ వెళ్లలేకపోయింది. దాంతో చెల్లెలు ఉత్తరాలు మానేసింది. క్రిస్మస్‌కి ఆంటీ కార్డు రాస్తుంది, అటునుంచి ఉలుకూ పలుకూ ఉండదు. చచ్చేలోపు ఒక్కసారి ఇద్దరం కలిసి అమ్మ సమాధి దగ్గర నిలబడితే చాలని ఆంటీ అంటుండేది. తుంటి నొప్పి ముదిరి కర్ర పట్టుకున్నాక, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని బయల్దేరింది. తోడు రమ్మని అమ్మని అడిగింది. నన్ను వదిలి అమ్మ వెళ్లలేదు, నాన్నకి యూనివర్సిటీలో సెలవు లేదు. అలా తొమ్మిదేళ్ల వయసులో నేను ఐర్లండ్ చూశాను.

ఎండకి బీటలువారే మా క్వీన్స్‌లాండ్ నేల మీద పెరిగిన నాకు అంత పచ్చదనం ఏదో తప్పు జరిగినట్టనిపించింది. వాన పడుతున్నట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. పోటు తగ్గినప్పుడు రేవులో పడవలు బురదలో పక్కకి ఒరిగి పడుకునేవి. రాతి గోడల మీద వలలు ఆరేసేవాళ్లు. చేపల వాసన తగలగానే అమ్మ గట్టిగా ఊపిరి పీల్చి "అచ్చం మా బందరే" అంది. నేను ముక్కు మూసుకున్నాను.

మేం దిగిన ఇంటావిడ టీ తాగుతారా అని అడిగింది. అలసటలో అమ్మకి పాత అలవాటు నోట్లోంచి ఊడిపడింది, వద్దంది. ఆవిడ కదల్లేదు. ఒక్క గుక్కయినా అంది. అమ్మ మళ్లీ వద్దంది. దూరం నుంచి వచ్చారు, తాగకుండా ఎలా అని ఆవిడ కెటిల్ పెట్టేసింది, టీతో పాటు రొట్టె, వెన్న, కేకు కూడా తెచ్చింది. ఇన్నేళ్లకి ఎవరో తనని బతిమాలినందుకు అమ్మ కళ్లు తడయ్యాయి. వీళ్లు మనవాళ్లేనే అని నా చెవిలో చెప్పింది.

మర్నాడు పొద్దున్నే చెల్లెలింటికి వెళ్లాం. సముద్రం వైపు తిరిగి ఉన్న చిన్న ఇల్లు. వస్తున్నట్టు ఆంటీ ముందే ఉత్తరం రాసింది, జవాబు రాలేదు. తలుపు కొట్టగానే తెరుచుకుంది. ఆంటీ మొహమే, కాకపోతే ఇంకా సన్నగా, ఇంకా బిగుసుకుని ఉంది. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు తప్ప ముట్టుకోలేదు. కొండ మీదున్న అమ్మ సమాధి దగ్గరికి వెళ్తున్నాను, నువ్వూ వస్తావా అని ఆంటీ అడిగింది.

"అబ్బే, నేనెందుకు? నువ్వు వెళ్లిరా" అంది చెల్లెలు.

ఆంటీ మొహం పాలిపోయింది. సరే, నీ ఇష్టం అని కర్ర ఆనించుకుని వెనక్కి తిరిగింది. అంత దూరం ఎగిరొచ్చింది ఈ ఒక్క మాట కోసమా అని నాకు ఏడుపొచ్చింది. గేటు దాకా వచ్చేశాం. అప్పుడు అమ్మ ఆంటీ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆంటీ, ఆవిడ ఇంకా ఒక్కసారే వద్దంది."

ఆంటీకి అర్థం కాలేదు. అమ్మ వెనక్కి చూడమంది. చెల్లెలు తలుపు వెయ్యలేదు, గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపల పొయ్యి మండుతోంది, అయినా ఆవిడ ఒంటి మీద నల్లటి కోటు, మెడదాకా బొత్తాలన్నీ పెట్టి ఉంది. తలకి రుమాలు కట్టి ఉంది. కాళ్లకి బయటికెళ్లే బూట్లు. ఎప్పటినుంచి అలా తయారై కూర్చుందో!

ఆంటీ చాలాసేపు ఆ కోటు వైపే చూసింది. మమ్మల్ని మాడకుండా కాపాడిన మనిషే తన ఊరి మర్యాద మర్చిపోయింది పాపం. కర్ర టకటకలాడించుకుంటూ మళ్లీ గుమ్మం దాకా వెళ్లి, వస్తే బాగుంటుందే అంది. గాలి ఎక్కువగా ఉంది అంది చెల్లెలు, సముద్రం వైపు చూస్తూ. ఆంటీ ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

"నువ్వు లేకుండా ఆ కొండ నేను ఎక్కలేనే. రా."

"నీకు అంత అవసరమైతే" అని చెల్లెలు తలుపు లాగేసి బయటికొచ్చింది.

 కొండ దారిలో చెల్లెలు చూసుకుని మరీ నొప్పి ఉన్న తుంటి వైపే వచ్చి ఆంటీ చెయ్యి పట్టుకుంది. సమాధి దగ్గర ముందు ఆవిడ ఆంటీని తిట్టింది. ఎందుకు రాలేదు అని గాలిలో కూడా మాకు వినిపించేంత గట్టిగా అడిగింది. తర్వాత ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకుని ఏడ్చారు. అమ్మా నేనూ రాతి గోడ దగ్గర ఆగిపోయాం. "బట్ షి సెడ్ నో, అమ్మా" అన్నాను నేను. నాకు తెలుగు అర్థమయ్యేది గానీ జవాబు ఇంగ్లీషులోనే వచ్చేది.

"వద్దంది. పొమ్మనలేదుగా" అంది అమ్మ.

వద్దన్న ప్రతివాళ్లనీ పీక్కు తినమని అమ్మ ఉద్దేశం కాదు. తలుపు వేసేసినవాళ్ల జోలికి ఆవిడ ఎప్పుడూ వెళ్లలేదు. మాట విన్న చెవితో ఆగిపోకు, మనిషిని కూడా చూడు అని చెప్పింది, అంతే. ఆంటీ ఆ తర్వాత టూవూంబాలో బతికినన్నాళ్లూ ఆ చెల్లెలి ఉత్తరాలు వస్తూనే ఉండేవి. అవి చదువుతున్నప్పుడు ఆవిడ మొహం చూడాలని నేను పని కల్పించుకుని వెళ్లేదాన్ని.

ఇప్పుడు మేం ఆస్ట్రేలియాలోనే, రౌస్ హిల్‌లో ఉంటున్నాం. మొన్నొక సాయంత్రం నా కూతురు యూనివర్సిటీ నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. ఏమైందమ్మా అంటే, "నథింగ్ మమ్మీ, ఐయామ్ ఫైన్" అంది. చారు అన్నం పెట్టనా అంటే వద్దంది. సరేలే అనబోయి చూద్దును కదా, భుజాన బ్యాగు అలాగే ఉంది, కాళ్లకి బూట్లు అలాగే ఉన్నాయి. తన గదిలోకీ వెళ్లదు, ఎదురుగా ఉన్న కుర్చీలోనూ కూర్చోదు. నేను స్టవ్ ఆపి, దగ్గరికెళ్లి, మూడోసారి అడిగాను.