పొగగొట్టం మీద క్యారియర్

డెబ్బైల్లో నేను గుమాస్తాగా చేసిన అనంతపురం వేరుశనగ నూనె మిల్లులో ఒక ఫిట్టరు ఉండేవాడు. రోజూ తన క్యారియర్‌ను డీజిలు ఇంజను పొగగొట్టం మీద పెట్టి వేడిచేసుకునేవాడు. పక్కనే బాయిలరు బండ్లకొద్దీ పొట్టు మింగి గింజలకు ఆవిరి పెట్టేది. ఆ పొగకు వెనకవీధంతా దగ్గేది.

“ఇంజను వేడి ఊరికే ఆకాశానికి పోతాండాది సామీ. దాన్ని బాయిలరు నీళ్లకు తిప్పితే సగం పొట్టు చాలు, పొగా తగ్గుతాది,” అని యజమానికి ఎన్నిసార్లు చెప్పాడో. ఆయన నమ్మలేదు.

ఒక మధ్యాహ్నం ఫిట్టరు విసిగిపోయి, ఆయన ముందే క్యారియర్ మూత తీశాడు. పొద్దుటి సంగటి పొగలు కక్కుతోంది.

“నిజమేనప్పా, బాగా కాగిండాది,” అన్నాడు యజమాని.

ఫిట్టరు గెలిచాడనుకున్న నా తెలివికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మర్నాటి నుంచి ఆ గొట్టం మీద రెండు క్యారియర్లు కాగేవి. రెండోది యజమానిది.