మా టీం వైజాగ్‌కి తరలిపోయిన ఏడాది

ఉన్న ఒక్క సినిమా హాలూ మూసేసినా మా నర్సీపట్నం జనం అంత రగిలిపోయి ఉండరు. డెబ్భైల చివర్లో మా వాలీబాల్ టీంని వైజాగ్ తీసుకుపోతున్నారన్న కబురు వచ్చిన రోజు బస్టాండు దగ్గర టీ కొట్ల నిండా తిట్లే. ఆ టీం ఒక కలప కాంట్రాక్టరుగారిది. ఏజెన్సీ అడవుల నుంచి దుంగలు దింపే డిపోలో మాకందరికీ ఏదో ఒక పని ఇచ్చేవారు. పని పేరుకే. సాయంత్రం డిపో పక్క గ్రౌండ్‌లో ఆడాలి, ఎక్కడ టోర్నమెంటు ఉంటే అక్కడికి ఊరి పేరు మీద వెళ్ళి గెలిచి రావాలి, అదీ అసలు ఉద్యోగం. ఇప్పుడాయన వ్యాపారం వైజాగ్‌కి మార్చేస్తున్నారు, దుంగలతోపాటు మమ్మల్ని కూడా. టీం పేరు కూడా మారిపోతుందట.

"ఊరి టీముని ఎత్తుకుపోడానికి ఈయనెవుడండీ? ఆయన పెరట్లో కాసిందేటి?" అని టీ కొట్టాయన నా మీద అరిచాడు, నేనే ఎత్తుకుపోతున్నట్టు.

నాకు ఊరి గొడవ పట్టలేదు. నాకున్నది ఒకటే భయం, ఆ వెళ్ళేవాళ్ళలో నేనుంటానా లేదా అని. నేను బూస్టర్ని, అంటే నెట్ దగ్గర బంతిని ఎత్తిచ్చేవాణ్ణి. నేను ఎత్తిస్తే ఎగిరి కొట్టే స్మాషర్ మాకవరపాలెం వైపు రైతుబిడ్డ. దండలన్నీ వాడికే పడేవి. పడనీ. బంతి ఎత్తివ్వడం తప్ప నాకు ప్రపంచంలో ఇంకేదీ చేతకాదు, ఇంకేదీ అక్కర్లేదు కూడా. కానీ ముప్పై దాటాయి. కుడి మోకాలు వాస్తోంది. పొద్దున్నే అమ్మ చూడకుండా గుడ్డ కట్టుకుని పైన ప్యాంటు తొడుక్కునేవాణ్ణి.

కాంట్రాక్టరుగారు మమ్మల్ని డిపోలో నిలబెట్టి, "టీమంతా కదుల్తాదర్రా, సర్దుకోండి" అన్నారు. టీమంతా అంటే నేను కూడా కదా! పరుగున వెళ్ళి అమ్మకి ఆ మాటే చెప్పాను. మేముండేది మిషన్ కాంపౌండ్‌లో. మా వాళ్ళలో ఏదైనా మేలు జరిగితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాలి. పాస్టర్‌గారు వచ్చి ప్రార్థన చేస్తారు, సంఘానికి భోజనం పెడతాం. ఎవరైనా మేలు జరిగాకే పెడతారు. అమ్మ ఆగలేదు.

"కొన్నాళ్ళు ఆగమ్మా, ఇంకా ఏదీ ఖాయం అవలేదు" అన్నాను.

"ముందే పెడితేనేరా నమ్మకం. నీకది సాల్దు, అందుకే ఆ మోకాలు తగ్గట్లేదు" అంది.

మోకాలి సంగతి ఆమెకి తెలుసని అప్పుడే నాకు తెలిసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటి ముందు షామియానా వేశారు. స్మాషర్, మిగతా ఆటగాళ్ళు వచ్చి చాపల మీద కూర్చున్నారు. కాంట్రాక్టరుగారు స్వయంగా వచ్చారు! అమ్మ మురిసిపోయి ఆయనకి కుర్చీ వేయించి, వద్దంటున్నా కోడికూర మళ్ళీ మళ్ళీ వడ్డించింది. పాస్టర్‌గారు నా తల మీద చెయ్యి పెట్టి ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. కాంపౌండ్ ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, "మమ్మల్ని మర్సిపోకు బాబూ" అని కళ్ళు తుడుచుకున్నారు. కాంట్రాక్టరుగారు చెయ్యి కడుక్కుని, అమ్మకి నమస్కారం పెట్టి వెళ్ళారు.

మర్నాడు డిపోలో ఆయన నన్నొక్కణ్ణే పక్కకి పిలిచారు.

"నువ్వు ఇక్కడే ఉండిపోవయ్యా. వైజాగ్‌లో కుర్రాడొకణ్ణి సూసేను. మంచి బూస్టరు."

"ఎప్పుడు సూసేరండీ?" అన్నాను.

"పోయిన వారమే."

"మరి నిన్న మా ఇంటికొచ్చి, భోంచేసి..."

"మీ యమ్మ అంత ఆప్యాయంగా పెడతంటే ఎలా సెప్తానయ్యా, మనిషినా గొడ్డునా?"

ఆయన తిన్నదంతా అక్కడే కక్కిద్దామన్నంత కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఆయన కాళ్ళ మీద పడ్డాను. అవును, కాళ్ళే పట్టుకున్నాను. ఎక్స్‌ట్రా ప్లేయరుగానైనా తీసుకెళ్ళమన్నాను. మోకాలు బాగానే ఉందని చూపించడానికి ఆ దుంగల మధ్యే ఎగిరి చూపించాను. మళ్ళీ ఎగరబోయి కూలబడ్డాను. స్మాషర్ అక్కడే ఉన్నాడు, చూసి మొహం తిప్పుకున్నాడు. వాణ్ణి ఏమని తిట్టను? వాడికీ వెళ్ళాలనే ఉంది.

ఆ వారంలోనే టీం వ్యాను వెళ్ళిపోయింది. "వ్యానులో సోటు లేదంట, నేను బస్సులో ఎల్తానమ్మా" అన్నాను ఇంట్లో. ఇంకేం చెప్పను? సంఘమంతా కలిసి సాగనంపేసిన మనిషి వచ్చే ఆదివారం ఏ మొహం పెట్టుకుని చర్చిలో కూర్చుంటాడు? అమ్మ, కాంపౌండ్ ఆడవాళ్ళు బస్టాండు దాకా వచ్చి చేతులూపారు. బస్సు కదిలాక ఇక ఏడుపు ఆగలేదు. పక్క సీటు ముసలాయన, "ఎవులైనా పోయేరా బాబూ?" అని అడిగాడు. లేదన్నాను.

వైజాగ్‌లో గ్రౌండు వెతుక్కుంటూ వెళ్ళేసరికి అక్కడ ప్రాక్టీసు జరుగుతోంది. కొత్త జెర్సీలు, వాటి మీద కొత్త పేరు. కొత్త కుర్రాడు ఎత్తిస్తున్నాడు, మావాడు కొడుతున్నాడు. ఆ కుర్రాడు నిజంగానే బాగా ఎత్తిస్తున్నాడు. అదే నన్ను చంపేసింది. స్మాషర్ నన్ను చూసి పరుగున వచ్చాడు.

"ఎందుకొచ్చేవన్నా? ఎల్లిపోన్నా, నీకు దండవెడతాను" అన్నాడు, కళ్ళ నిండా నీళ్ళతో.

కాంట్రాక్టరుగారు మాత్రం నన్ను పైనుంచి కిందకి చూసి, "వచ్చీసేవా? సరే, నెట్టు కట్టడానికి మనిషి కావాలి, ఉండు" అన్నారు.

ఉండిపోయాను. సున్నంతో లైన్లు గీయడం, నెట్ కట్టడం, విప్పడం, బంతులకి గాలి కొట్టడం నా పని. ఆట మొదలైతే లైను బయట నిలబడేవాణ్ణి. బంతి నెట్ దగ్గరికి వచ్చినప్పుడల్లా నా చేతులు వాటంతటవే పైకి లేచేవి. జనం చూసి నవ్వేవారు. చేతులు వెనక్కి కట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

క్రిస్మస్‌కి ఇంటికి వెళ్ళాను. ఆరాధన మధ్యలో, ఎవరికి ఏ మేలు జరిగిందో వాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. పాస్టర్‌గారు నా వైపు చూసి, "మన వైజాగ్ ప్లేయరు లేవాలి, దేవుడు ఎలా ఆడిస్తున్నాడో చెప్పాలి" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. లేచాను. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో అమ్మ కొత్త చీర కట్టుకుని, నా వైపే తిరిగి కూర్చుని ఉంది. ఎంత ప్రయత్నించినా అక్కడ అబద్ధం నోట రాలేదు.

"నేను ఆడట్లేదండి. నెట్టు కడతన్నాను" అన్నాను.

అమ్మ చటుక్కున లేచింది.

"వేళాకోళానికి అంటన్నాడండి. సిన్నప్పట్నుంచీ ఇంతే ఈడు, అందర్నీ నవ్విత్తాడు" అని తనే నవ్వింది. ఒకరిద్దరు నవ్వారు. పాస్టర్‌గారు గబగబా పాట ఎత్తుకున్నారు. నేను కూర్చున్నాను.

ఇంటికి నడుస్తున్నప్పుడు డిపో దాటాక అమ్మ ఆగింది. ఆ పక్క గ్రౌండ్‌లో ఎవరివో లారీలు నిలబెట్టి ఉన్నాయి.

"నిజవేనేట్రా?"

"నిజవేనమ్మా."

నా చెయ్యి పట్టుకుని గుంజింది. "ఇంటికొచ్చీ. ఆ నెట్లూ వద్దు, ఏటీ వద్దు. ఎవులేటనుకుంటే నాకేటి? బేగి ఎల్లి, నీ బట్టలట్టుకుని వచ్చీ."

"వచ్చి ఏటి సెయ్యనమ్మా? ఇక్కడ ఆటే లేదు గదా" అన్నాను. "అక్కడైతే రోజూ బంతినైనా ముట్టుకుంటన్నాను."

అమ్మ నా చెయ్యి వదిలేసింది.